కత్తిరించింది శృంగారం ఒక్కటేనా?

"రాధికా సాంత్వనము" పేరెత్తితే చాలు, మనవాళ్ళ మాట నిషేధం మీదకే పోతుంది. 1911లో ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది, ప్రతులు పట్టుకెళ్ళారు, 1947లో ప్రకాశం పంతులుగారు నిషేధం ఎత్తేశారు, 1952లో వావిళ్ళవారు మళ్ళీ అచ్చేశారు. అంతా నిజమే. కానీ పోలీసులు రాకముందే ఈ పుస్తకానికి ఇంకో కోత పడింది. నాకు అదే పెద్ద నష్టంగా కనిపిస్తుంది.

ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న కళావంతురాలు. ఆటపాటలే ఆమె వృత్తి. ఊరంతా తమిళం, ఏలేది మరాఠీ వారు, ఆమె రాసింది మాత్రం తెలుగు కావ్యం. కావ్యం మొదట్లో కవులందరిలాగే తన వంశం చెప్పుకుంది. అయితే అందులో పెద్దపీట నాయనమ్మ తంజనాయకిది. ఆ ఇంటి ఆడవాళ్ళ చదువు, పేరు ప్రతిష్ఠలు ఆ పద్యాల్లోనే ఉన్నాయి.

1887లో పైడిపాటి వెంకటనరసుగారు ఈ కావ్యాన్ని అచ్చు వేయించినప్పుడు కొన్ని పద్యాలతో పాటు ఈ పీఠిక కూడా పోయింది. శృంగార పద్యాలు తీసేశారంటే ఆ కాలం అలాంటిదని సరిపెట్టుకుందాం. నాయనమ్మ పేరులో ఏం బూతుంది? బ్యాంకులో లెడ్జర్లు చూసినవాణ్ణి, నా లెక్కలో ఇది ఓపెనింగ్ బ్యాలెన్స్ కొట్టేసి మిగతా పద్దు చూపించడం. పీఠిక లేకపోతే ముద్దుపళని ఎక్కడినుంచో ఊడిపడ్డ ఒంటరి వింతలా కనిపిస్తుంది. పీఠిక ఉంటే, ఆమె వెనక చదువూ సంగీతమూ తరతరాలుగా నడిచిన ఇల్లొకటి కనిపిస్తుంది. తమిళదేశంలో తెలుగు ఎలా నిలిచిందని అడిగే మనకు ఆ ఇంటి లెక్కే కదా కావాల్సింది?

ఆ కోతను పట్టుకున్నది పండితులు కాదు, ఇంకో గాయని. మైసూరు సీమలో నంజనగూడులో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మగారు రాతప్రతి సంపాదించి, అచ్చుప్రతితో పోల్చి, 1910లో పూర్తి పుస్తకం వేయించారు. ఇలాంటివి ఆడవాళ్ళు వినతగ్గవి కావన్న వీరేశలింగంగారిని, ఈ నియమం మగకవులకు వర్తించదా అని తన పీఠికలో నిలదీశారు. ఆ జవాబును అందరూ మెచ్చుకుంటారు. ఆమె పరిష్కర్తగా చేసిన పనిని, పాఠం పోల్చి చూడటాన్ని, మెచ్చుకునేవాళ్ళు తక్కువ. పాటగత్తె కదా, పరిష్కరణ ఆమెకేం తెలుసన్న చిన్నచూపు దీని వెనక ఉందని నా అనుమానం.

తిరువయ్యూరులోనూ ఇదే వరస. త్యాగరాజస్వామి సమాధి దగ్గర గుడి ఆమె తన సంపాదనతో కట్టించారు. అక్కడి ఆరాధనలో ఆడవాళ్ళకు పాడే చోటు లేకపోతే, వేరే ఆరాధన నడిపించాల్సి వచ్చింది. సొమ్ము పనికొచ్చింది గానీ గొంతు పనికిరాలేదు!

మనం ఇక్కడ తంజావూరు తెలుగు గురించి రాసినప్పుడల్లా రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు అని రాజుల వరస చెప్తాం. ఆ పక్కనే తంజనాయకి, ముద్దుపళని, నాగరత్నమ్మ అని ఈ వరసా రాయాలి. మీ దగ్గర వావిళ్ళ ప్రతి ఉంటే, ఈసారి ముందు పీఠిక తీసి చదవండి.