గోడ వారగా ఓ గాబు

పోయిన నెల మా హాల్లో నాలుగు రోజులపాటు నేల మీద పాత పేపర్లు పరిచి ఉన్నాయి. ఇంటికి రంగులు వేయించడమూ లేదు, వడియాలు పెట్టడమూ లేదు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు కొలిచి కత్తిరించి, టేపుతో నేలకు అంటించాను. కొనబోయే చేపల తొట్టికి అది కొలత. తొట్టి రాకముందే దాని కొలతతో కాపురం మొదలైందన్నమాట.

మొదట వీధి గుమ్మానికి ఎదురుగా అంటించాను. వచ్చినవాళ్ళకి రాగానే కనపడాలి కదా! మొదటిరోజు సాయంత్రమే మా అమ్మాయి స్కూలు బ్యాగు తెచ్చి సరిగ్గా పేపరు మీద పడేసింది. రెండోరోజు మా ఆవిడ చీపురు పట్టుకుని నిలబడి, "ఏమండీ, దీని వెనక ఎలా ఊడవాలో కూడా చెప్పండి" అంది. పేపరును గోడ నుంచి ఆరంగుళాలు ముందుకు జరిపాను. ఫిల్టరు పైపులకీ, నా చేతికీ కూడా ఆ సందు కావాలి మరి.

ఎనిమిదేళ్ళుగా రెండడుగుల తొట్టితో సరిపెట్టుకుంటున్నవాణ్ణి. చోటు నచ్చకపోతే నీళ్ళు తోడేసి ఇంకో మూలకు మార్చేవాణ్ణి. పెద్ద తొట్టి దగ్గర ఆ ఆటలు సాగవు. పొడవు నాలుగడుగులు, వెడల్పు ఒకటిన్నర, ఎత్తు రెండడుగులు అంటే 12 ఘనపుటడుగులు. దాదాపు 340 లీటర్లు. లీటరు నీళ్ళంటే కిలో. దళసరి అద్దాలు, ఇసుక, రాళ్ళు, ఇనుప స్టాండు అన్నీ కలిపితే అర టన్ను. అదంతా ఆరు చదరపు అడుగుల మీద, రాత్రీ పగలూ, ఏళ్ళ తరబడి కూర్చుంటుంది. మాది మూడో అంతస్తు.

సివిల్ ఇంజనీరైన మా తమ్ముడికి ఫోన్ చేశాను. "అన్నయ్యా, ఇళ్ళల్లో గదులకి చదరపు మీటరుకు 200 కిలోల చొప్పున బరువు లెక్కేసి స్లాబు వేస్తాం" అన్నాడు. నా గుండెల్లో రాయి పడింది. నా తొట్టి చదరపు మీటరుకు 900 దాకా తేలుతోంది. "కంగారుపడకు. ఆ లెక్క గది మొత్తానికి. నువ్వు చూసుకోవలసింది బరువు ఎక్కడ పెడుతున్నావన్నది. గది నడిమధ్యన స్లాబు ఎక్కువ వంగుతుంది, బీమ్ పక్కన తక్కువ. ఓసారి తల పైకెత్తి చూడు. అపార్టుమెంట్లలో మామూలుగా నెత్తిమీద బీమ్ ఎక్కడుంటే కాళ్ళ కిందా అక్కడే ఉంటుంది. నాలుగున్నర అంగుళాల గోడని మాత్రం నమ్మకు, దాని కింద బీమ్ ఉండాలని లేదు." పదేళ్ళుగా ఉంటున్న ఇంట్లో పైకప్పుని అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు.

ఈలోపు సంగతి మా పెదనాన్నకు చేరింది. ఆయనకు వాస్తు పట్టింపు. "నీళ్ళు ఈశాన్యంలో ఉండాలిరా" అన్నారు. సరేనని పేపరును ఈశాన్యానికి మార్చాను. మర్నాడు మళ్ళీ ఫోను. "ఈశాన్యంలో బరువు పెట్టకూడదురా!" మరి చేపల తొట్టి నీళ్ళ కిందకొస్తుందా, బరువు కిందకొస్తుందా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "పోనీ, చిన్నది కొనుక్కోరాదూ?" అన్నారు.

వాస్తు మాట ఎలా ఉన్నా, ఆ మూల నాకు ముందే ఓ పాఠం చెప్పింది. అక్కడ తూర్పు కిటికీ ఉంది. పాత తొట్టి తొలి ఏడాది దాని కిందే ఉండేది. పొద్దున రెండు గంటలు ఎండ పడితే చాలు, వారం తిరక్కుండా అద్దాల నిండా పాచి, నీళ్ళు గోంగూర పిండినట్టు పచ్చగా అయ్యేవి. మే నెలలో ఇంకో బాధ. నీళ్ళు వేడెక్కినకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు, 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరే పడుతుంది. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఉంటే మేత అడుగుతున్నాయనుకుని ఇంకాస్త వేశాను. అవి అడిగింది గాలి.

అంతకంటే పెద్ద తప్పు ఆ తరవాత చేశాను. గాలి పంపు ఉన్న స్విచ్‌బోర్డుకే దోమల మందు మిషను కూడా పెట్టాను. పంపు గదిలో గాలినే పీల్చి నీళ్ళలోకి వదులుతుంది. దోమల మందుల్లో వాడే పైరెథ్రాయిడ్ రసాయనాలు మనకంటే చేపలకు ఎన్నో రెట్లు విషం. తెల్లారి చూస్తే ఆరు గప్పీలు తేలి ఉన్నాయి. అప్పటినుంచి చోటు వెతికేటప్పుడు ప్లగ్గు ఉందా అని ఒక్కటే కాదు, ఆ ప్లగ్గు పక్కన ఇంకేం పెడతామని కూడా చూస్తాను. వైరు కూడా తిన్నగా ప్లగ్గుకి పోకూడదు. ఓసారి కిందికి వేలాడి పైకి వెళ్ళాలి. జారిన చుక్క అక్కడే నేల మీద పడుతుంది.

నాలుగోరోజు అమ్మ వచ్చింది. పేపరు చుట్టూ ఓసారి తిరిగి, "నీళ్ళు ఎక్కణ్ణుంచి మోస్తావు? ఎక్కడ పారబోస్తావు?" అంది.

నాలుగు రోజుల్లో ఎవరమూ అడగని ప్రశ్న. వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చాలి. అంటే దాదాపు 85 లీటర్లు, అయిదు బకెట్లు. తీసినవి అయిదు, క్లోరిన్ పోవడానికి ఒకరోజు నిలవ ఉంచి పోసేవి అయిదు. గుమ్మం ఎదుట పెడితే ప్రతి ఆదివారం హాలంతా దాటుకుంటూ పది ట్రిప్పులు. అమ్మ మా ఊరి పెరట్లో గాబు గురించి చెప్పింది. బావికీ స్నానాల బండకీ మధ్య, చేద దించిన చేతికి అందేంత దూరంలో ఉండేది అది. చుట్టాలకి కనపడాలని దాన్ని ఎవరూ వీధి వసారాలో పెట్టలేదు.

పేపరు చివరి ప్రయాణం చేసింది. భోజనాల బల్ల వెనక, వాష్ ఏరియా పక్క గోడ వారన. నెత్తిమీద బీమ్ ఉంది, ఎండ రాదు. మురుగు గొట్టం నాలుగడుగుల్లో ఉంది కాబట్టి బకెట్లు కూడా అక్కర్లేదు, పైపు పెడితే నీళ్ళు వాటంతట అవే దిగిపోతాయి. వంటింటి పోపు ఆవిరి నీళ్ళ మీద జిడ్డు కట్టకుండా మూత మాత్రం చేయించాను. గుమ్మంలోంచి చూస్తే తొట్టి కనపడదు. అన్నానికి కూర్చుంటే ఎదురుగా ఉంటుంది.

స్టాండు వచ్చాక మేస్త్రీ తన లెవెల్ పైపు తెచ్చాడు. పారదర్శకమైన పైపులో నీళ్ళు, రెండు కొసలా రెండు గీతలు. నేల వాష్ ఏరియా వైపు పావంగుళం దిగి ఉంది. "కడిగిన నీళ్ళు పోవాలని వాటం ఇచ్చార్సార్" అన్నాడు. అద్దం కింద కాదు, స్టాండు కాళ్ళ కింద రేకులు పెట్టి సరిచేశాడు. పైన ఫోమ్ షీటు, దాని మీద తొట్టి. నీళ్ళు నింపి కూర్చుని చూశాం. నీటి గీతా, అద్దం అంచూ ఒకదానికొకటి ఎక్కడా తప్పలేదు.

మర్నాటి పొద్దున లేచి చూస్తే తొట్టి పక్కన ఓ ఇత్తడి చెంబు ఉంది. అమ్మ పెట్టింది, గాబు దగ్గర ఉండాలి కదా అని. రోజూ ఆవిరయ్యే నీళ్ళు దాంతోనే పోస్తున్నాను.