సిలాస్ కోల్‌మన్ ఏడి?

1937లో వార్నర్ బ్రదర్స్ తీసిన ‘బ్లాక్ లీజియన్’ సినిమాకి జాతి దురహంకారాన్ని ఎండగట్టిన సాహస చిత్రమని పేరుంది. మా సెమినార్లో చూపించినప్పుడూ అదే మాటన్నారు. సినిమా అయిపోయాక చర్చంతా హంఫ్రీ బోగార్ట్ నటన చుట్టూనే తిరిగింది. నాకు మాత్రం ఒకే ప్రశ్న మిగిలింది. ఇందులో నల్లవాళ్ళేరి?

పేరు చూసి ఇదేదో నల్లవాళ్ళ సంఘం అనుకునేరు. నలుపు వాళ్ళ ముసుగులకే, మనసంతా తెల్లజాతి ఆధిపత్యమే. 1915లో జార్జియాలో మళ్ళీ పుట్టిన కు క్లక్స్ క్లాన్, 1920ల నడిమికొచ్చేసరికి లక్షల సభ్యత్వంతో ఉత్తరాది రాష్ట్రాలకూ పాకింది. 1925 ఆగస్టులో రాజధాని వాషింగ్టన్‌లో పట్టపగలు, ముఖాలు కూడా దాచుకోకుండా కవాతు చేసింది. ఆ తర్వాత నాయకుల కుంభకోణాలతో, లోపలి తగాదాలతో అది చితికిపోయింది. సంస్థ చితికింది గానీ భావజాలం చితకలేదు. ఒహాయోలో క్లాన్ నుంచే పుట్టిన బ్లాక్ లీజియన్, 1930ల ఆర్థిక మాంద్యంలో మిచిగాన్ కార్ల ఫ్యాక్టరీల్లోకి దిగింది. నల్లవాళ్ళు, యూదులు, కాథలిక్కులు, వలసవచ్చినోళ్ళు, కమ్యూనిస్టులు, యూనియన్ కార్యకర్తలు, అందరూ దానికి శత్రువులే. సభ్యుల్లో పోలీసులూ ఉన్నారు, ప్రభుత్వోద్యోగులూ ఉన్నారు.

సినిమా కథేమిటి? ఫ్రాంక్ టేలర్ ఫ్యాక్టరీ కార్మికుడు. తనకే వస్తుందనుకున్న ఫోర్‌మన్ ఉద్యోగం వలస కుటుంబానికి చెందిన డాంబ్రోస్కీకి పోతుంది. ఆ కడుపుమంటతో లీజియన్‌లో చేరి, డాంబ్రోస్కీ కుటుంబాన్ని ఊరినుంచి తరిమేస్తాడు. చివరికి ప్రాణ స్నేహితుణ్ణే కాల్చి చంపుతాడు. కోర్టులో పశ్చాత్తాపపడతాడు. జడ్జి పౌరహక్కుల మీద ఉపన్యాసమిచ్చి అందరికీ యావజ్జీవం వేస్తాడు.

ఇందులో నిజం లేకపోలేదు. ఉద్యోగం పోయినవాడి కోపాన్ని పక్కవాడి మీదికి ఎట్లా మళ్ళిస్తారో, తుపాకులూ ముసుగులూ అమ్ముకుని పైవాళ్ళు ఎట్లా లాభాలు లెక్కపెట్టుకుంటారో బాగానే చూపించారు. తమ చిహ్నాన్ని వాడుకున్నారని క్లాన్ ఈ సినిమా మీద దావా కూడా వేసింది, అది కొట్టేశారు. ఆ మాత్రం గౌరవం ఇవ్వాల్సిందే. మరి గౌరవం ఇచ్చాక ప్రశ్న అడగొద్దా?

డెట్రాయిట్‌లో నల్లజాతి జనాభా 1910లో ఆరువేలకు లోపు. 1930 నాటికి అది లక్షా ఇరవై వేలు. దక్షిణాది పత్తి చేలనుంచి, గుంపుహత్యలనుంచి తప్పించుకుని ఫ్యాక్టరీ కూలి కోసం వచ్చిన జనం వీళ్ళు. ఈ సినిమా కథలో వాళ్ళకు చోటే లేదు. విద్వేషమంతా వలస వచ్చినవాడి చుట్టూనే.

1936 మే నెలలో చార్లెస్ పూల్ అనే తెల్లజాతి కాథలిక్ కార్మికుణ్ణి లీజియన్ వాళ్ళు చంపారు. దేశమంతా గగ్గోలైంది. సినిమాకు ప్రేరణ ఆ కేసే. కానీ ఆ హత్యలో తుపాకీ పేల్చిన డేటన్ డీన్ అదే ఏడాది ఇంకో హత్య కూడా ఒప్పుకున్నాడు. 1935 మే నెలలో సిలాస్ కోల్‌మన్ అనే నల్లజాతి కూలీని, రావాల్సిన కూలి డబ్బులు ఇప్పిస్తామని నమ్మబలికి తీసుకెళ్ళి కాల్చి చంపారు. అతను మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. చేసిన తప్పేమిటి? ఏమీ లేదు. నల్లవాణ్ణి చంపితే ఎట్లా ఉంటుందో చూడాలని ఒకడికి సరదా పుట్టిందట, డీన్ చెప్పిన కారణం అదే. కోర్టు రికార్డుకెక్కిన ఈ పేరు తెరకెక్కలేదు.

ఎందుకెక్కలేదు? దక్షిణాది థియేటర్లు పోతాయన్న భయం ఆనాటి స్టూడియోలన్నిటికీ ఉండేది. కానీ నేనంటున్నది వ్యాపారం గురించి మాత్రమే కాదు. పూల్ కథలో కారణం వెతకొచ్చు. ఉద్యోగం, అసూయ, చెడు సావాసం అనొచ్చు. సిలాస్ కథలో అట్లాంటి సాకు దొరకదు. అక్కడ ఆధిపత్యం బట్టలిప్పి నిలబడుతుంది. అతన్ని చూపిస్తే, ఫ్రాంక్ టేలర్ దారితప్పిన అమాయకుడన్న కథ నిలబడదు. ప్రేక్షకుడి కన్నీళ్ళు హంతకుడి కోసం కారవు.

కారంచేడు, చుండూరు మనకు నేర్పిన చూపు ఇదే. దౌర్జన్యాన్ని ఖండించేవాళ్ళు కూడా చచ్చిపోయినవాళ్ళ పేర్లు పలుకుతున్నారా లేదా అని చూడాలి. ఖండన ఉంటే చాలదు, ఎవరి వైపు నిలబడి ఖండిస్తున్నారన్నది ముఖ్యం.

ఆ వైపు నిలబడిన సినిమా అప్పటికే వచ్చింది. నల్లజాతి దర్శకుడు ఆస్కార్ మిషో 1920లోనే ‘విదిన్ అవర్ గేట్స్’లో గుంపుహత్యను హతుల ఇంట్లోంచి చూపించాడు. చికాగోలో సెన్సార్ వాళ్ళు అడ్డం పడ్డారు. తర్వాత ఆ సినిమానే కనబడకుండా పోయింది. 1970లలో స్పెయిన్‌లో ఒక ప్రతి దొరికితే గానీ మళ్ళీ లోకం చూడలేదు. మిచిగాన్‌లోనే పెరిగిన మాల్కం ఎక్స్, 1931లో తన తండ్రిని బ్లాక్ లీజియనే చంపిందని ఆత్మకథలో చెప్పుకున్నాడు. అధికారులేమో ట్రాం కింద పడ్డాడన్నారు. ఆ ఇంట్లో ఆరేళ్ళ పిల్లాడికి తెలిసిన భయం హాలీవుడ్‌కి తెలియలేదు.

బోగార్ట్ నటన గురించి మాట్లాడదాం, తప్పు లేదు. కానీ ఈ సినిమా గురించి రాసేవాళ్ళెవరైనా ముందు సిలాస్ కోల్‌మన్ పేరు రాసి, ఆ తర్వాత మొదలుపెట్టాలి.