'నేరసైన్యము' - ఒక ఫ్రెంచి చలనచిత్రము

నిందించుటకై పెట్టిన పేరే కాలాంతరమున కీర్తియగుట కలదు. రాబర్ట్ గెడిగ్యాన్ 2009లో తీసిన 'నేరసైన్యము' అను ఫ్రెంచి చిత్రమునకు పేరు వచ్చిన విధమట్టిదే. 1944 ఫిబ్రవరిలో, జర్మనుల యేలుబడిలోనున్న పారిసు గోడలపై ఒక యెఱ్ఱని ప్రకటన వెలసెను. అందు పదిమంది ముఖములను, వారి పరదేశపు పేళ్లను ముద్రించి, వీరు విమోచకులు కారు, నేరసైన్యమని యెత్తిపొడిచిరి.

వారి నాయకుడు మిసాక్ మనూషియాన్. ఆర్మీనియావాడు, కవి, 1915 నాటి మారణకాండలో తల్లిదండ్రులను గోల్పోయినవాడు. అనుచరులు పోలండు, హంగరీ, ఇటలీ, స్పెయిను మొదలగు దేశములనుండి వచ్చినవారు. వారిలో యూదులు పెక్కండ్రు. 1944 ఫిబ్రవరి 21న మనూషియానుతో గూడ ఇరువదిరెండుగురిని కాల్చి చంపిరి. ఓల్గా బాన్చిక్ అను స్త్రీని జర్మనీకి గొనిపోయి మే 10న శిరశ్ఛేదము గావించిరి.

చిత్రారంభముననే మృతుల పేళ్లు వినవచ్చును. కావున ఎవరు బ్రదుకుదురన్న యాతురత చూపరికుండదు. ఏల మరణించిరను ప్రశ్న యొక్కటే మిగులును. చంపుటకు మొదట వెనుదీయు మనూషియాన్ మనస్సును దర్శకుడు దాచలేదు. వీరిని వెంటాడి పట్టినవారు ఫ్రెంచి పోలీసులే యన్న నిజమునుగూడ దాచలేదు. ఆ గడ్డపై బుట్టినవారు పట్టియిచ్చిరి, పరాయివారు ప్రాణములిచ్చిరి. చిత్రమునకు ప్రాణమిదియే.

లోపములు లేకపోలేదు. పాత్రలు పెక్కు. ఒకరిని గుర్తుపట్టులోపల మఱియొకరు వత్తురు. ఓల్గా కథకు దక్కిన చోటు మిక్కిలి కొంచెము.

ఈ యెఱ్ఱని ప్రకటన మా సీమవారికి కొత్త కాదు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరిదీసి, ఆంగ్లేయులు ఆయన శిరస్సును 1877 వఱకు కోటకు వ్రేలాడదీసిరి. భయపెట్టుటకు జేసిన పని స్మృతిని నిలిపినది. 2019లో వెలువడిన 'సైరా నరసింహారెడ్డి' చిత్రము ఆ వీరు నొక్కనిని ఆకాశమున కెత్తినది. ఫ్రెంచి చిత్రము పలువురను నేలమీదనే నడిపించినది. నాకు రెండవదియే యెక్కువ నచ్చినది. మఱియొక భేదము గలదు. రెడ్డి తన గడ్డకై పోరెను. వీరికి తమదనుకొనుటకు గడ్డయే లేదు.

దేశభక్తి పుట్టుకతో వచ్చునని ఇన్నేండ్లు బాలురకు బోధించితిని. ఈ చిత్రము నా పాఠమును దిద్దినది. మా కడప జిల్లానుండి కువైటునకు పోయిన బిడ్డలెందఱో అచట పరదేశులై కష్టపడుచున్నారు. వారినెవరైన చులకన జేసిన మన మనస్సు నొచ్చును. కాని పొట్ట చేతబట్టుకొని మన యూరికి వచ్చిన కూలివానిని మనమేమని పిలుచుచున్నాము?

2024 ఫిబ్రవరి 21న, సరిగా ఎనుబదియేండ్లకు, మనూషియానును, ఆయన భార్య మెలినేను పారిసులోని మహనీయుల సమాధిమందిరమగు పాంథియోనునకు జేర్చిరి. మన్నన వచ్చినది గాని, మిక్కిలి యాలస్యముగ వచ్చినది. బ్రదికియున్న పరాయివానిని మన్నించుటకు అంతకాలమక్కఱలేదు.