గోడ మీది ఎనిమిది కళ్లు

సాలీళ్ల మీద మోజున్నవాళ్లకు గుత్తి పేరు దేశదేశాల్లో తెలుసు. అక్కడి రైల్వే కలప డిపో దగ్గర దొరికిన నమూనాను చూసి 1899లో పోకాక్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త ఒక నీలి సాలీడును వర్ణించాడు. తర్వాత నూరేళ్లకు పైగా దాని జాడ లేదు. 2001లో నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య నల్లమలలో మళ్లీ కనబడింది. అడవి కలపతో పాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని అంచనా. దాని నీలం ఏ వర్ణకం వల్లా వచ్చింది కాదు. ఒంటి నూగులోని అతిసూక్ష్మ నిర్మాణం వెలుతురును అలా తిప్పికొడుతుంది. చిన్నవాటిని దగ్గర నుంచి పెద్దగా చూపే మాక్రో లెన్సు కొన్నవాళ్లకు అలాంటిదాన్ని ఫొటో తీయాలని ఉండటం సహజమే. అయినా ఈ విద్య నేర్చుకోవాల్సింది అడవిలో కాదు, ఇంట్లో. పండక్కి బూజు దులిపే ముందు ఒక్కసారి గోడ మూలలు చూడండి.

అక్కడ సన్నటి పొడుగు కాళ్లతో తలకిందులుగా వేలాడే సాలీడును మనం బూజులో భాగంగానే చూస్తాం. దగ్గరికి వెళితే చాలు, గూడుతో సహా గిరగిరా ఊగిపోతుంది. ఊగడం ఆగేదాకా ఆగాలి. ఆడదైతే నోటి దగ్గర ఒక చిన్న ముద్ద కనిపిస్తుంది. కంటికి అది నలుసు. లెన్సులోంచి చూస్తే నాలుగైదు పట్టుపోగులతో కట్టిన గుడ్ల గుత్తి. పిల్లలు బయటికొచ్చేదాకా తల్లి దాన్ని అలా కరుచుకునే ఉంటుంది. గుడ్లు పగిలే రోజు దగ్గరపడితే గుడ్డు పొర లోపల ముడుచుకున్న కాళ్లు కూడా ఫొటోలో తెలుస్తాయి. ఆ ఫొటో చూసిన ఇంట్లో బూజుకర్ర ఒకటి రెండు వారాలు ఆగుతుందని నా నమ్మకం.

ఈ గూడును ఫొటో తీయడానికి, రాతిపలకలు తయారయ్యే మార్కాపురం వాళ్లకు సాధనం ఊళ్లోనే ఉంది. చట్రం లేని పలకముక్క ఒకటి గూటికి జానెడు వెనక పట్టుకుని, పక్క నుంచి టార్చి వేయాలి. నల్లటి రాతి మీద ఒక్కో పోగూ వెలుగుతుంది. సున్నం గోడ ముందు ఆ పోగులు అసలు కనిపించవు.

లెన్సుకు వేలకు వేలు పోయనక్కర్లేదు. ఫోనుకు తగిలించే క్లిప్ లెన్సుతో మొదలుపెట్టొచ్చు. కెమెరా ఉంటే పాత 50 ఎం.ఎం. లెన్సును రివర్స్ రింగుతో తిరగేసి బిగించండి. అపెర్చర్ రింగు ఉన్న ఫిలిం కాలపు లెన్సయితే ఇంకా మేలు. పెళ్లిళ్ల స్టూడియోల్లో మూలపడినవి వెతికితే దొరుకుతాయి. సాలీడు ఎంతుందో సెన్సర్ మీద దాదాపు అంతే పడినప్పుడు, అపెర్చర్ ఎఫ్/11 దగ్గర కూడా స్పష్టంగా ఉండేది ఒక్క మిల్లీమీటరు మందమే. ఎఫ్/16 దాటిస్తే ఆ మందం కాస్త పెరుగుతుంది కానీ మొత్తం బొమ్మే మెత్తబడుతుంది. అందుకే ఆటోఫోకస్ ఆపేసి, మోచేతులు గోడకు ఆన్చి, ఒళ్లే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ కదుపుతూ కళ్లు తేటపడిన క్షణంలో నొక్కాలి. కళ్లు కుదిరితే కాళ్లు మసకబారినా ఫొటో నిలుస్తుంది.

అందుకు తగిన గురువు దూకే సాలీడు. వేటకు గూడు కట్టదు, పగలంతా గోడ మీద ఈగల వెంట తిరుగుతుంది. మీరు వంగితే పారిపోకుండా మీ వైపే తిరిగి చూస్తుంది. ఎనిమిది కళ్లలో ముందున్న రెండూ పెద్దవి. వాటి వెనక గొట్టాల్లాంటి నిర్మాణం ఉంటుంది. కంటి కటకం కదలదు. లోపలి రెటీనా కదులుతుంది. అందుకే వరసగా తీసిన ఫొటోల్లో అదే కన్ను ఒకదాంట్లో నల్లగా, మరోదాంట్లో గోధుమరంగుగా పడుతుంది. అది ఎటు చూస్తోందో మీరు ఫొటో తీశారన్నమాట. ఫ్లాషును నేరుగా కొడితే ఆ కంట్లో తెల్లటి చుక్క పొడుచుకున్నట్టు పడుతుంది. ముందు ట్రేసింగ్ పేపరో, తెల్ల ప్లాస్టిక్ డబ్బా మూతో అడ్డం పెడితే వెలుతురు పరుచుకుంటుంది. ఒంటి మీది నూగు కూడా తెలుస్తుంది.

కదలకుండా ఉంటుందని సాలీడును ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి తీసేవాళ్లున్నారు. నాకది అస్సలు నచ్చదు. అలా తీసిన ఫొటోలో సాలీడు ఉంటుంది, దాని బతుకు ఉండదు. ఎక్కడుందో అక్కడే, అది చేసే పని చేస్తుండగా తీయగలగడమే ఈ విద్యలో పనితనం.

ఇంటి గోడ దగ్గర అబ్బిన ఈ ఓర్పు, ఈ మర్యాద నల్లమల అంచుకు వెళ్లినప్పుడు తప్పనిసరి. నీలి సాలీడు చెట్టు తొర్రల్లో బతుకుతుంది. ఆ చెట్లే నరికివేతకు పోతున్నాయి. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. అది ఉండే చోటు మొత్తం కలిపినా 100 చదరపు కిలోమీటర్లు లేదని అప్పటి అంచనా. రంగు కోసం పెంచుకునేవాళ్లు లోకమంతా ఉన్నారు కాబట్టి, ఏ చెట్టు దగ్గర కనబడిందో చెప్పే ఒక్క ఫొటో దానికి ఆపద తేగలదు. గోడ మీది సాలీడు ఫొటో కింద ఊరు, తేదీ, ఏ గదిలో దొరికిందో రాసి పెట్టండి. మన ఇళ్లలో ఏమేం ఉన్నాయో పరిశోధకులకు తెలిసేది అలాంటి వివరాల వల్లే. అడవి సాలీడు విషయంలో మాత్రం చోటు చెప్పకండి. ఫోను ప్రతి ఫొటోలోనూ చోటును దాచి ఉంచగలదు కనుక, అడవిలో అడుగుపెట్టకముందే లొకేషన్ ఆపేయండి.