పాకం దింపే వేళ

వెర్మాంట్‌లో మార్చి నెల ఎటూ తేలని నెల. రాత్రి నీళ్లు గడ్డకట్టే చలి, పగలు మంచు కరిగే ఎండ. ఈ తేడా ఉన్నన్నాళ్లే షుగర్ మాపుల్ చెట్టులో రసం కదులుతుంది. మానుకు చిన్న రంధ్రం చేసి, గొట్టం బిగించి, కింద బకెట్ తగిలిస్తే చుక్కచుక్కగా జారుతుంది. చూడ్డానికి మంచినీళ్లే. నాలుక మీద వేసుకుంటే తీపి ఉందా లేదా అని ఒక క్షణం ఆలోచించాలి. అందులో ఉండే చక్కెర 2 శాతానికి అటూ ఇటూ. అందుకే ఒక లీటరు సిరప్ కావాలంటే సుమారు 40 లీటర్ల రసం మరగబెట్టాలి. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన సి.హెచ్. జోన్స్ ఈ లెక్కను 1946లో ఏకంగా పద్యంగా రాశాడు. రసంలోని చక్కెర శాతంతో 86ను భాగిస్తే, ఒక గ్యాలన్ సిరప్‌కు ఎన్ని గ్యాలన్ల రసం కావాలో తేలుతుంది. ఇక్కడి పెరటి వంటగాళ్లు నేటికీ ఆ లెక్కే వేసుకుంటారు.

మాపుల్ సిరప్ అనగానే అందరూ చెప్పేది ఈ మరగబెట్టడం గురించే. పెరట్లో పొయ్యి, కట్టెల మంట, కమ్ముకునే ఆవిరి, పొద్దుపోయేదాకా కాపలా. ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాతి గంట గురించి. పాకం దింపడం, వడకట్టడం, సీసాలో పోయడం. రోజంతా పడ్డ కష్టం నిలవాలన్నా, వృథా కావాలన్నా ఈ మూడు పనుల దగ్గరే. కళ్లు మూతలు పడే వేళకు వచ్చి, అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ అడిగే పనులివి.

ముందు దింపడం సంగతి. పెరట్లోని వెడల్పాటి పళ్లెంలో రసం తేనె రంగుకు తిరిగి అడుగుకు దిగాక, దాన్ని వంటింట్లోకి తెచ్చి స్టీలు గిన్నెలో పోస్తాను. కట్టెల మంటను చెప్పినట్టు తగ్గించలేం, గ్యాస్ మంటను తగ్గించగలం. పళ్లెంలో పాకం పలచగా పరుచుకుంటే అడుగంటడానికి నిమిషం చాలు. ఇప్పుడిక చూడాల్సింది వేడి. నీరు మరిగే వేడికి దాదాపు 4 సెల్సియస్ డిగ్రీలు, ఫారెన్‌హీట్‌లో అయితే 7 డిగ్రీలు, పైకి చేరితే సిరప్ తయారైనట్టు. సముద్రమట్టం దగ్గర అది 104 డిగ్రీల సెల్సియస్. అయితే ఆ అంకెను గోడ మీద రాసిపెట్టుకుంటే సరిపోదు. ఎత్తు 300 మీటర్లు పెరిగితే నీరు ఒక డిగ్రీ ముందే మరుగుతుంది. మబ్బు పట్టి వాయుపీడనం పడిపోయిన రోజున కూడా అంతే. కాబట్టి దింపే ప్రతిరోజూ పక్క పొయ్యి మీద మామూలు నీళ్లు మరిగించి, ఆ పూట మరుగు వేడి ఎంతో థర్మామీటర్‌తో చూసుకుని, దానికి 4 కలుపుకోవాలి. ఇది రెండు నిమిషాల పని. ఈ రెండు నిమిషాలు ఇవ్వని వాళ్లకు థర్మామీటర్ ఉన్నా లేనట్టే.

అంత ఖచ్చితం ఎందుకంటే, సిరప్ నిలిచే హద్దు చాలా సన్ననిది. చిక్కదనాన్ని బ్రిక్స్‌లో కొలుస్తారు. అంటే నూరు పాళ్ల బరువులో చక్కెర ఎన్ని పాళ్లో చెప్పే కొలత. 66 ఉంటే సిరప్. అమ్మకానికి పెట్టాలంటే వెర్మాంట్ నిబంధనల ప్రకారం కనీసం 66.9 ఉండాలి. 66కు తగ్గితే కొన్నాళ్లకు పులుస్తుంది, బూజు పడుతుంది. 68 దాటితే సీసా అడుగున కలకండ పలుకులు కడతాయి. పైగా చివర్లో పాకం చిక్కబడే వేగం చూస్తే భయమేస్తుంది. గంటల తరబడి కదలని ముల్లు ఆఖరి నిమిషాల్లో పరుగెత్తుతుంది. నురగ ఒక్కసారిగా గిన్నె అంచుకు ఎగదన్నుతుంది. గోటి చివరంత వెన్న వేస్తే అణుగుతుంది. ఆ నిమిషాల్లో ఫోన్ మోగినా తీయకూడదు, పొయ్యి ముందు నుంచి కదలకూడదు.

ఒక ఏడాది మా అమ్మ అనకాపల్లి నుంచి వచ్చి ఉన్నప్పుడు సరిగ్గా ఈ ఘట్టంలోనే నా పక్కన నిలబడింది. బెల్లం పాకాలు చూసిన చెయ్యి కదా, గరిటె ఎత్తి పట్టుకుని రెండు వేళ్లతో అద్ది చూసి, "ఒరే, తీగైనా రాలేదు, అప్పుడే దింపేస్తన్నావేటి?" అంది. "ఇది అరిసెలకు కాదమ్మా, దోసె మీద పోసుకోడానికి" అన్నాను. అరిసెల పాకం నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి. ఇది తీగ రాకముందే దిగాలి. అయినా అమ్మ గరిటె వదల్లేదు. మళ్లీ ముంచింది, మళ్లీ ఎత్తింది. అంచు నుంచి మొదట చుక్కలు విడివిడిగా పడ్డాయి. కాసేపటికి రెండు చుక్కలు దగ్గరకు జరిగి, ఒకటై, వెడల్పుగా జారి, అంచును పట్టుకుని వేలాడాయి. "చుక్కలు కలిసిపోతన్నాయిరా" అంది అమ్మ. థర్మామీటర్ కూడా అదే మాట చెప్పింది. ఇక్కడి పాతకాలం వాళ్లు పరికరాలేవీ లేనప్పుడు ఈ గుర్తుతోనే దింపేవారు. ఆ గుర్తు నేటికీ పనికొస్తుంది, కాకపోతే 65కూ 67కూ తేడా అది చెప్పలేదు. దానికి హైడ్రోమీటర్ ఉండాల్సిందే. పొడవాటి కప్పులో వేడి పాకం నింపి, గాజు గొట్టాన్ని నెమ్మదిగా వదలాలి. దాని మీద రెండు ఎర్ర గీతలుంటాయి. పైది మరిగే వేడికి, కిందది చల్లారిన పాకానికి. వేడి గీత పాకం మట్టానికి సరిగ్గా అందితే పొయ్యి ఆర్పేయాలి. కప్పు చల్లారకముందే చూడాలి, ఆలస్యమైతే లెక్క తప్పుతుంది. కన్ను, వేడి, గాఢత మూడూ ఒకే మాట మీదికి వచ్చినప్పుడు ఇక అనుమానం అక్కర్లేదు.

రెండో పని వడపోత. దింపిన పాకాన్ని దీపం ముందు పెట్టి చూస్తే మసకగా ఉంటుంది. చెట్టు రసంలోని కాల్షియం, మాలిక్ ఆమ్లం కలిసి, నీరు ఆవిరయ్యే కొద్దీ సన్నటి మడ్డిగా విడిపోతాయి. ఇక్కడి వాళ్లు దాన్ని షుగర్ శాండ్ అంటారు. తింటే ప్రమాదం లేదు గానీ పంటికింద గరగరలాడుతుంది, సీసా అడుగున బూడిద రంగు పొరగా పేరుకుంటుంది. పాకం బాగా వేడిగా, 82 డిగ్రీలకు తగ్గకుండా ఉన్నప్పుడే వడకట్టాలి. చల్లారితే గుడ్డలోంచి దిగనే దిగదు. నేను వాడేది మందపాటి ఫెల్ట్ గరాటు సంచి. దాని లోపల పలచని వడపోత గుడ్డలు మూడు నాలుగు ఒకదాంట్లో ఒకటి అమరుస్తాను. వాటిని ముందుగా మరిగే నీళ్లలో తడిపి వేలాడదీయాలి. పొడి గుడ్డ విలువైన పాకాన్ని తానే తాగేస్తుంది. లోపలి గుడ్డ మడ్డితో మూసుకుపోతే దాన్ని ఎత్తి తీస్తే చాలు, కింది గుడ్డ పని అందుకుంటుంది. పిండకూడదు. పిండితే ఆపిన మడ్డంతా తిరిగి సిరప్‌లోకే వస్తుంది. ఉతికేటప్పుడు సబ్బు తగలనివ్వకూడదు, మెలిపెట్టకూడదు. వేడి నీళ్లతో కడిగి ఆరేస్తే చాలు. సబ్బు వాసన ఫెల్ట్‌ను వదలదు, మరుసటి పాకానికి అంటుకుంటుంది. చుక్కలు రాలే ఆ అరగంటలో మనం చేయగలిగింది ఎదురుచూడడం ఒక్కటే. ఆ ఎదురుచూపు నాకు ఇష్టం. మసక తొలగిన సిరప్ సీసా గోడల వెంట జారుతుంటే వెనకున్న కిటికీ అందులోంచి కనిపిస్తుంది.

మూడోది సీసాలో పోయడం. పాకం 82 నుంచి 85 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకు తగ్గితే సీసాలో సూక్ష్మజీవులు చావవు. మళ్లీ మరిగే దాకా వేడి చేస్తే కొత్తగా మడ్డి విడిపోయి, వడకట్టిన శ్రమ దండగవుతుంది. గాజు సీసాలను ముందే వెచ్చబెట్టుకోవాలి, లేకపోతే పగులుతాయి. మెడ దాకా పోసి, మూత బిగించి, రెండు నిమిషాలు పక్కకు పడుకోబెట్టాలి. వేడి సిరప్ మూత లోపలికీ తగిలి దాన్నీ శుభ్రం చేస్తుంది. తర్వాత సీసాకూ సీసాకూ మధ్య గాలి ఆడేంత ఎడం ఉంచి చల్లారనివ్వాలి. ఒకదానికొకటి ఆనించి పెడితే లోపలి వేడి తగ్గక రంగు ముదురుతుంది, రుచి మారుతుంది.

రంగు ముదరడం అనేది అసలు తప్పేమీ కాదు. సీజన్ మొదట్లో వచ్చేది బంగారు రంగు, సున్నితమైన రుచి. రోజులు వేడెక్కే కొద్దీ రసంలోని సూక్ష్మజీవులు చక్కెరను విడగొడతాయి, సిరప్ నల్లబడి ఘాటెక్కుతుంది. 2015 నుంచి అమెరికాలో గోల్డెన్, ఆంబర్, డార్క్, వెరీ డార్క్ అని నాలుగు రకాలుగా పిలుస్తున్నారు. నాలుగూ గ్రేడ్ ఎ కిందే లెక్క. చెట్టు మొగ్గ వేసే రోజులొస్తే మాత్రం రుచి చెడుతుంది, అక్కడితో ఆపేయాలి.

ఈ పనిని ఈ నేలకు నేర్పింది అబెనాకీ, అనిషినాబే వంటి ఇక్కడి ఆదివాసీ జాతులు. వాళ్లు ఎక్కువగా పాకాన్ని ఇంకా మరిగించి చక్కెరగా మార్చి దాచుకునేవారు, ఎందుకంటే చక్కెర నిలవ ఉంటుంది. గాలి చొరబడని డబ్బాలు, సీసాలు వచ్చాకే సిరప్ ఏడాది పొడవునా ఇంట్లో ఉండే వస్తువైంది. అంటే సిరప్‌ను ఏడాదంతా నిలబెడుతున్నది మంట ఒక్కటే కాదు, దింపే లెక్కా సీసా మూతా కూడా.

న్యూ ఇంగ్లండ్‌లోనో, మిషిగన్‌లోనో, ఒంటారియోలోనో పెరట్లో మాపుల్ చెట్టున్న తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. వచ్చే మార్చిలో ఒక్క చెట్టుతో మొదలుపెట్టండి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. పాకం దగ్గరకొచ్చేసరికి రాత్రయి, ఒళ్లు అలసిపోతే, పంతానికి పోయి దింపకండి. పొయ్యి ఆర్పి, ఆ సగం పాకాన్ని ఫ్రిజ్‌లో పెట్టి పడుకోండి. దానికేమీ కాదు. తెల్లారి నీళ్లు మరిగించి వేడి చూసుకుని, గుడ్డలు తడిపి, సీసాలు వెచ్చబెట్టి, అప్పుడు పొయ్యి వెలిగించండి. ఆఖరి గంటకు తాజా మనిషి కావాలి.