బూడిద దాచిన బజారు

పాంపేయీ! నీ చావును కీర్తించడానికి రాలేదు. ఆ పని నీ కొండ వెసూవియస్ ఎప్పుడో చేసింది, క్రీ.శ. 79లో, రెండు రోజుల్లో. ఆ తరవాత చిత్రకారులు చేశారు, నవలలు రాసేవాళ్లు చేశారు, సినిమావాళ్లు చేశారు. అఖాతం అవతల మిసేనుమ్ రేవులో పద్దెనిమిదో ఏట ఉన్న చిన్న ప్లినీ, పైన్ చెట్టులా నిటారుగా లేచి పైన కొమ్మలు విప్పిన మబ్బును చూశాడు. ఎన్నో ఏళ్ల తరవాత చరిత్రకారుడు టాసిటస్ అడిగితే రెండు ఉత్తరాల్లో ఆ సంగతంతా రాశాడు. నీ ఆఖరి రోజుకు సాక్షుల కరువు లేదు. నాకు దానికి ముందటి రోజు కావాలి. ఏమీ జరగని రోజు. పిండి విసరడం, గోడకు సున్నం కొట్టడం, బాకీ వసూలు, పక్కింటివాడి మీద చాడీ. ఆ రోజుకే ఈ దండకం.

సముద్రద్వారం దగ్గర దారి నిటారుగా పైకి పోతుంది. సముద్రం ద్వారం పేరులో మిగిలింది గానీ, నీళ్లు ఎంతో దూరం జరిగిపోయాయి. కాళ్ల కింద నల్లరాయి. వెసూవియస్ ఏనాడో కక్కిన లావాను చెక్కి పరిచిన బండలివి. బండిచక్రాలు ఒరిసి ఒరిసి వాటిలో గాడి పడింది. కొన్నిచోట్ల అరచెయ్యి నిలువుగా దించితే మునిగిపోతుంది.

వీథీ, నీకు నమస్కారం! వానా మురుగూ నీ మీదుగానే పారేవి. అందుకే ఈ అరుగు నుంచి ఆ అరుగుకు ఎత్తయిన దాటురాళ్లు వేశారు. రాయికీ రాయికీ నడుమ చక్రం దూరేంత సందు వదిలారు. పాదం తడవకూడదు, బండి ఆగకూడదు. ఈ రెండు కోరికలనూ మూడు రాళ్ల వరసలో తీర్చిన మేస్త్రీ ఎవరో! గాడి మరీ లోతైనచోట కరిగించిన ఇనుము పోసి పూడ్చేవారట. రాళ్ల సందుల్లో గడ్డకట్టిన ఇనుపచుక్కలు చూసి పరిశోధకులు ఈమధ్యే ఆ సంగతి చెప్పారు. ఫోరమ్‌లో జూపిటర్ గుడి స్తంభాలు చూపిస్తూ గైడు ఎంతో ఆవేశంగా చెబుతుంటే తలూపాను. మనసు మాత్రం ఇనుపచుక్కలను వదిలి రాలేదు. గుడి కట్టించినవాడు తన పేరు చెక్కించుకుంటాడు. గుంత పూడ్చినవాడు పని కాగానే ఇంటికి పోతాడు.

ఇక రొట్టె. పాంపేయీ, నీ పాటకు పల్లవి అదే. తవ్వినంత మేరలోనే ముప్ఫైకి పైగా బేకరీలు బయటపడ్డాయి. చాలావాటి వాకిట్లో మనిషి నడుమెత్తు తిరగళ్లు. కింద శంకువు లాంటి రాయి, దాని నెత్తిన డమరుకం ఆకారంలో మరో రాయి. పైన గింజ పోస్తే కింద పిండి రాలుతుంది. డమరుకం నడుముకు చెక్క బిగించి, గాడిదకు గంతలు కట్టి తిప్పేవారు. పక్కనే ఇటుకల బట్టీ, గుండ్రని గోపురపు కప్పుతో. మోడెస్టస్ బేకరీ అని పేరుపడ్డ చోట ఆ బట్టీ మూత తీస్తే 81 రొట్టెలు కనిపించాయి, బొగ్గైపోయి, రూపు చెదరకుండా. ఒక్కొక్కటీ ఎనిమిది ముక్కలుగా విరుచుకోవడానికి వీలుగా ముందే గాట్లు పెట్టి ఉన్నాయి. ఎనిమిది మంది ఉన్న ఇల్లా, ఎనిమిది పూటలు గడవాల్సిన ఒంటరివాడా? రొట్టె చెప్పదు. పంచుకునే వీలు మాత్రం ముందే పెట్టి ఇస్తుంది.

నీతోపాటే పూడిపోయిన పక్క ఊరు హెర్క్యులేనియంలో దొరికిన రొట్టె ఒకదాని మీద ముద్ర ఉంది. క్వింటస్ గ్రానియస్ వేరస్ అనే ఆయన బానిస కెలెర్‌ది ఆ రొట్టె అని. కెలెర్, నీకు జోహారు! యజమాని తన సొత్తు మీద గుర్తుగా వేయించిన ముద్ర అయి ఉంటుంది. రెండువేల ఏళ్లకు లెక్క తిరగబడింది. నీ రొట్టె మీద ఉండబట్టే నీ యజమాని పేరు నలుగురి నోటా పడుతోంది.

స్తోత్రం చదివే గొంతు ఇక్కడ కాస్త బొంగురుపోతుంది. 2023లో నీ తొమ్మిదో విభాగంలో, ఒక ఇంటి లోపల మరో బేకరీ బయటపడింది. దానికి వీథిలోకి తలుపు లేదు. కిటికీలు చిన్నవి, ఇనుప కడ్డీలతో. గాడిదలు ఒకదానికొకటి తగలకుండా, అడుగు తప్పకుండా తిరగడానికి నేలరాళ్లలో గుంటలు చెక్కి ఉన్నాయి. మనుషులనూ గాడిదలనూ కలిపి పెట్టి తాళం వేసేవారని తవ్వినవాళ్లు అన్నారు. రొట్టె వాసనను పొగడగలను, ఆ నేలను పొగడలేను. ఆ నేలను చూడనట్టు నటించి రొట్టెను పొగిడితే నా దండకం దొంగ దండకమవుతుంది. కాబట్టి మొక్కు ముందు తిరగలి తిప్పిన చేతులకు. రొట్టెకు ఆ తరవాతే.

పూటకూళ్ల అంగడీ, నిన్నెలా మరిచిపోతాను! మూలమూలనా నువ్వే. గచ్చు అరుగులో పెద్ద కుండలు మూతిదాకా దించి, పైన రంగుబొమ్మలు వేసి, వచ్చేపోయేవాణ్ణి ముక్కుతో పట్టి లాగేదానివి. ఐదో విభాగంలో 2020 చివర పూర్తిగా వెలుగుచూసిన అంగడి అరుగు మీద బాతుల బొమ్మలున్నాయి, కాళ్లు పైకి, తల కిందికి. ఒక కోడిపుంజు. గొలుసుతో కట్టిన కుక్క. కుండల అడుగున చూస్తే బాతు ఎముక ఉండనే ఉంది. దాంతోపాటు పంది, మేక, చేప, నత్తలు. చదువు రానివాడికి బొమ్మే ధరలపట్టీ అయి ఉంటుంది. ఎవడో గిట్టనివాడు ఆ కుక్కబొమ్మ చట్రం మీద నికియాస్ అనేవాణ్ణి బండబూతు తిట్టి పోయాడు. అది కూడా భద్రంగా ఉంది.

చేపల ఊరగాయ రసం అమ్మి లక్షలు గడించిన ఉంబ్రికియస్ స్కౌరస్ ఇంకో ఘనుడు. తన ఇంట్లో నేలమీది మొజాయిక్‌లోనే తన సరుకు జాడీల బొమ్మలు వేయించి, వాటిమీద సరుకు శ్రేష్ఠత కూడా రాయించాడు. ఇంటికొచ్చిన చుట్టం ప్రకటన చదవకుండా లోపలికి అడుగుపెట్టలేడు. ఈనాటి వ్యాపారులకు ఈ ఆలోచన ఇంకా రాలేదు, దేవుడి దయ.

గోడల్లారా! మీ ముందు నిలబడితే కళ్లు పైకీ కిందికీ పరుగెత్తుతాయి. తెలుగునాట ఎన్నికల గోడరాతల మధ్య పెరిగినవాణ్ణి, నన్ను మోసగించలేరు. ఎర్రరంగులో బారెడు అక్షరాలు. ఫలానావాణ్ణి పదవికి ఎన్నుకోండి, యోగ్యుడు, అడిగేది పండ్లవర్తకులు, అడిగేది కంసాలులు. ఓటుహక్కు లేని ఆడవాళ్లూ అడిగారు. అసెల్లీనా మద్యపు అంగడి గోడ మీద ఆమె పేరుతోనే సిఫారసు ఉంది. వాటియా అనే అభ్యర్థిని మాత్రం చిల్లరదొంగలూ, రాత్రి పొద్దుపోయేదాకా తాగేవాళ్లూ బలపరిచారు. ఆ రాత రాయించినది వాటియా ప్రత్యర్థి అని పందెం కాస్తాను.

అటు చూస్తే కత్తియోధుల ఆటల ప్రకటన ఒకటి. అది రాసినవాడు కింద సంతకం పెట్టుకున్నాడు. ఎమిలియస్ కెలెర్, ఒంటరిగా, వెన్నెల్లో రాశానని. రొట్టెల కెలెర్ వేరు, ఈ కెలెర్ వేరు. పగలు బజారు కిక్కిరిసి ఉంటుంది, నిచ్చెన వేసుకునే చోటు దొరకదు. అందుకే రాత్రి వచ్చుంటాడు. రంగుముంత, కుంచె, నిండుచంద్రుడు. ఆటలకు డబ్బు పెట్టిన పెద్దమనిషి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. నా దండం మాత్రం చివరి చిన్న అక్షరాలకు. గోడమీది రాతలు మితిమీరిపోయాయని గోడమీదే రాసి వాపోయినవాడికి ఇంకో దండం!

2018లో బొగ్గుతో గీకిన మరో రాత కనబడింది. దాని తేదీ మన లెక్కలో అక్టోబర్ 17. తుడిస్తే పోయే బొగ్గుగీత, పుస్తకాలన్నిటిలో స్థిరపడ్డ ఆగస్టు 24ను కదిపింది. కొండ పేలింది ఎండాకాలంలో కాదు, శరదృతువులో అయి ఉండాలని ఇప్పుడు చాలామంది నమ్మకం. ఎవరో తోచక గీసిన గీత చరిత్రను రెండు నెలలు ముందుకు నెట్టడం నాకు పట్టరాని ఆనందం.

మనుషుల దగ్గరికి రాక తప్పదు. బూడిద గట్టిపడింది, లోపలి దేహాలు కరిగిపోయాయి, మనిషి ఆకారంలో బోలు మిగిలింది. 1863లో జుసెప్పే ఫియోరెల్లి ఆ బోలుల్లో ప్యారిస్ ప్లాస్టర్ పోయించాడు. ముఖం దాచుకున్న చేతులు, బట్టల మడతలు, అన్నీ తిరిగొచ్చాయి. గాజుపెట్టెల చుట్టూ జనం మూగి సెల్‌ఫోన్లు పైకెత్తుతున్నారు. నేను ఎత్తలేదు. గొప్పకోసం చెప్పడం లేదు, కాళ్లు ముందుకు పడలేదంతే. ఒళ్లో పసివాడున్న ఒక ఆకారాన్ని దశాబ్దాల తరబడి తల్లి అని చెప్పుకున్నారు, చేతికి బంగారు కంకణం ఉందని. 2024లో డీఎన్‌ఏ పరీక్ష చేస్తే ఆయన మగవాడని తేలింది. ఆ బిడ్డకు రక్తసంబంధీకుడు కూడా కాదు. తల్లి కథ పోయిందని కొందరు నొచ్చుకున్నారు. నాకైతే ఈ కథే పెద్దది. ఆకాశం విరిగి పడుతుంటే, తనకేమీ కాని పిల్లవాణ్ణి ఆయన ఒళ్లోకి తీసుకున్నాడు.

నీ వీథిలో దొరికి ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉన్న ఒక స్త్రీని ఇక్కడే తలుచుకోవాలి. దంతపు బొమ్మ, జానెడు కంటే కాస్త ఎత్తు. ముంజేతి నిండా గాజులు, కాళ్లకు బరువైన కడియాలు, నడుముకు వడ్డాణం, వీపున జడ, అటూ ఇటూ ఇద్దరు చెలికత్తెలు. 1938లో అమెదేయో మయూరి తవ్వకాల్లో బయటపడగానే లక్ష్మి అన్నారు. యక్షిణి కావచ్చునని ఇప్పటి పండితుల మాట. లక్ష్మో యక్షిణో, మన వైపు నుంచి ఓడెక్కి వెళ్లిన మనిషి! సాతవాహనుల ఏలుబడిలోని భోకర్దన్‌లో ఆమె చెల్లెలి లాంటి దంతపు బొమ్మ దొరికింది. ఆ రాజుల నేల మీద, కృష్ణ ఒడ్డు ఊళ్లలో, రోమన్ నాణేలు నాగలికి తగులుతూనే వచ్చాయి. మిరియాలకూ ముత్యాలకూ సన్నబట్టలకూ ఏటా ఐదు కోట్ల సెస్టర్షియస్ నాణేలు భారతదేశానికి పోతున్నాయని పెద్ద ప్లినీ లబలబలాడాడు. చిన్న ప్లినీకి మేనమామ ఆయన. కొండ పేలినప్పుడు పడవల్లో జనాన్ని తప్పించడానికి వెళ్లి, స్టాబియే ఒడ్డున ప్రాణం వదిలాడు. ఆయన నొచ్చుకున్న ఖర్చులో ఒక చిన్న వాటా అదే కొండ బూడిద కింద పడుకుంది, గాజులతో సహా.

మొక్కల సంగతి చెప్పకపోతే విల్హెల్మినా జషెమ్‌స్కీకి అన్యాయం. అందరూ గోడల వెంటా బంగారం వెంటా పడితే, ఆమె నేలలోని వేళ్ల బోలులు వెతికి వాటిలో పోత పోయించింది. ఆంఫీథియేటర్ పక్క ఖాళీజాగా అనుకున్నది ద్రాక్షతోట అని, తీగలకు ఊతకర్రలు ఎక్కడెక్కడ పాతారో కూడా, ఆ బోలులే చెప్పాయి. ఇప్పుడక్కడ మళ్లీ ద్రాక్ష నాటారు.

నీ 66 హెక్టార్లలో ఇంకా మూడోవంతు తవ్వనే లేదు. పైన పొలం, చెట్లు. తవ్వండి, తవ్వండి అని తొందరపెట్టేవాళ్లతో నేను చేరను. బూడిద కాపాడిన గోడను వానా ఎండా కాపాడవు. 2010లో గ్లాడియేటర్ల భవనం ఒకటి ఉన్నట్టుండి కూలిపోయింది. 1748 నుంచి ఆత్రంగా తవ్వినవాళ్లు బొమ్మలున్న గోడలను కోసి రాజుగారి భవనాలకు పట్టుకుపోయారు, మిగతాదాన్ని పారబోశారు. ఆనాడు గింజనూ ఎముకనూ ఎవరు లెక్కచేశారు? మనకు తెలియని పరికరాలతో మనవలు వస్తారు. వాళ్ల వాటా వాళ్లకు ఉండనీ.

చివరి స్తుతి నీళ్లకు. సెరీనో ఊటల నుంచి కాలువలో వచ్చి, వెసూవియస్ ద్వారం దగ్గరి ఎత్తయిన గదిలో పంపకమై, సీసపు గొట్టాల్లో వీథివీథికీ దిగిన నీళ్లకు. 62లో వచ్చిన భూకంపం గొట్టాలు విరగ్గొడితే, పదిహేడేళ్ల తరవాత కూడా అరుగుల వెంట కందకాలు తవ్వి బాగుచేస్తూనే ఉన్నారు. కొండ పేలేనాటికి ఆ కందకాలు ఇంకా తెరిచే ఉన్నాయి. మరమ్మతు మీద మనిషికి ఎంత నమ్మకమో! నలభైకి పైగా వీథికొళాయిల్లో ఒకదాని మీద పండ్లు నిండిన కొమ్ముతో ఒక దేవత ముఖం ఉంది. తవ్వినవాళ్లు ఆమెను సమృద్ధి దేవత అనుకొని ఆ పెద్దబజారుకు ఆ పేరే పెట్టేశారు. నిజానికి ఆమె ఐకమత్య దేవత. ఆమెకేం పట్టలేదు, నోట్లోంచి నీళ్లు పోస్తూనే ఉంది. తొట్టి అంచున, నీళ్లు తాగేందుకు వంగినవాళ్లు చెయ్యి ఆనించినచోట, రాయి అరిగి పల్లమైంది.

ఇలాంటి కొన్ని పాత తొట్లకు ఇప్పుడు కొత్త కుళాయిలు బిగించారు, తాగే నీళ్లే. బడిపిల్లలు ఒకరి మీద ఒకరు చల్లుకుంటున్నారు, పంతులమ్మ ఇటాలియన్‌లో గద్దిస్తోంది, ఎవరూ వినడం లేదు. నా వంతు రాగానే ఆ పల్లంలో ఎడమచెయ్యి ఆనించి వంగాను. వెనకాయన సీసా పట్టుకొని గొంతు సవరించుకుంటున్నాడు. ఎండ అలా ఉంది మరి, ఆయన తప్పు కాదు.