పసుపు మడిలో శత్రువెవరు, మిత్రుడెవరు?

మెట్‌పల్లి, కోరుట్ల, నిర్మల్ ప్రాంతముల పసుపు రైతును ఏటేట భయపెట్టునది దుంపకుళ్లు. 2016లో జిల్లాలు విడిపోవుటతో కరీంనగరులోని భాగము జగిత్యాలగను, ఆదిలాబాదులోని భాగము నిర్మల్‌గను మారినవి గాని తెగులు మారలేదు. జూన్‌లో నాటిన పైరు ఏపుగా ఎదిగి, ముసురు పట్టిన రోజులలో క్రింది ఆకులు అంచుల నుండి ఎండును. కాండము మొదలు మెత్తబడి, పట్టి లాగినంతనే మొక్క ఊడి చేతికి వచ్చును.

దీనికి ట్రైకోడెర్మా విరిడి అను శిలీంధ్రమును వాడుడని కరపత్రములు చెప్పుచున్నవి. సలహా మంచిదే. చెప్పు తీరు మాత్రము లోపభూయిష్ఠము. మంచి బూజు చెడ్డ బూజును తినివేయునని ఒక్క ముక్కలో తేల్చివేయుదురు.

చిక్కంతయు ఆ బూజు అను మాటలోనే ఉన్నది. దుంపకుళ్లుకు ముఖ్యకారకమైన పిథియం చూపునకు బూజువలె నున్నను నిజమైన శిలీంధ్రము కాదు. అది ఊమైసీటు వర్గములోనిది. వంశమును బట్టి సముద్రపు గోధుమరంగు నాచులకు దగ్గరి చుట్టము. శిలీంధ్రముల కణకవచములో కైటిన్ ముఖ్యము. పిథియం కవచము ప్రధానముగా గ్లూకాన్, సెల్యులోజులతో నిర్మితము. 1932లో వైండ్లింగ్ అను శాస్త్రజ్ఞుడు ట్రైకోడెర్మా మరియొక శిలీంధ్రమును ఆశించి చంపుటను వర్ణించెను. ఆయన చూచినది రైజోక్టోనియాను. అది నిజమైన శిలీంధ్రమే. ఆ కథనే, కైటిన్‌ను కరగించు ఎంజైములతో సహా, పిథియంకు అంటగట్టుట పొరపాటు. ఇచ్చట పనికివచ్చునవి గ్లూకాన్‌ను, సెల్యులోజును ఛేదించు ఎంజైములు. వేరు చుట్టునున్న చోటును ముందుగా ఆక్రమించి శత్రువునకు తిండి దక్కనీయకుండుటయు అంత ముఖ్యమైనదే.

ఇది పండితుల తగవు కాదు. రైతు దుకాణమునకు పోయి బూజుమందు కావలెనన్నచో కార్బెండజిమ్ చేతికి వచ్చుట కద్దు. అది పిథియంను ఏమియు చేయజాలదు. ట్రైకోడెర్మాను మాత్రము చంపును! మెటలాక్సిల్ అట్లు కాదు. దాని దెబ్బ ఊమైసీట్లపైననే. ట్రైకోడెర్మా దానిని చాలవరకు తట్టుకొనును. ఈ ఒక్క భేదము కరపత్రములో పెద్ద అక్షరములతో ఉండవలసినది.

మరియొక లోపము: ప్రాణిని పొడిమందువలె వర్ణించుట. 2 కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల పశువుల ఎరువుతోను, 10 కిలోల వేపపిండితోను కలిపి, తడి చిలకరించి, గోనె కప్పి, నీడన వారము పది దినములుంచి ఎకరమునకు చల్లవలెనందురు. ఎందుకుంచవలెనో చెప్పరు. పొడిలో నిద్రించు బీజములు మేలుకొని, ఎరువును తిని పెరుగుటకే ఆ గడువు. పాలు తోడుపెట్టు ఇల్లాలికి ఇది వెంటనే బోధపడును. గ్రాము పొడిలో కనీసము 20 లక్షల సజీవ కణములు ఉండవలెనని నియమము. 25 నుండి 30 డిగ్రీల వేడిలో చక్కగా పెరుగు ఈ ప్రాణిని ఆదిలాబాదు మే నెల ఎండలో రేకుల కొట్టములో పడవేసినచో, నాటు వేళకు ఆ 20 లక్షలలో ఎన్ని మిగులును?

అన్ని పంటలకు, అన్ని తెగుళ్లకు ఒకే పొడిని చూపుటయు ఇట్టిదే. గోదావరి జిల్లాల కొబ్బరితోటలలో అంతరపంటయైన కోకోకు కాయకుళ్లు తెచ్చు ఫైటోఫ్తొరా కూడ ఊమైసీటే. బ్రెజిల్‌లోని బహియాలో 1989లో కనిపించిన ‘మంత్రగత్తె చీపురు’ అను కోకో తెగులు మాత్రము నిజమైన శిలీంధ్రము వలన కలుగునది. దానికై అచ్చటివారు, ఆ శిలీంధ్రమునే ఆశించు ట్రైకోడెర్మా స్ట్రొమాటికం అను వేరొక జాతిని ఎంచి వాడిరి.

ఇక నీటి సంగతి. మడిలో నీరు నిలిచినప్పుడు పిథియం ఈదగల బీజములను విడుచును. అవి నీటివెంట మొక్క నుండి మొక్కకు పోవును. ట్రైకోడెర్మాకో, గాలి ఆడని నేలలో ఊపిరి సలుపదు. ఎత్తైన బోదెలు, మురుగుకాలువ లేని మడిలో 2 కిలోలకు బదులు 20 కిలోలు చల్లినను ఫలము స్వల్పమే. ఆ మురుగుకాలువ మాట కరపత్రముల చిట్టచివరి పంక్తిలో ఉండును. ఒక్కొక్కప్పుడు అదియు ఉండదు.